రాతి మీద మాయమైన దువ్వెనలు

"దువ్వెనలు పోయాయండీ," అంది లోపలికి వచ్చినావిడ, ఇంకా కుర్చీలో కూర్చోకుండానే.

మరిది తలెత్తి ఆవిడ జుట్టు వంక చూశాడు. చక్కగా దువ్వుకునే ఉంది. "దువ్వెనలు పోతే కొత్తవి కొనుక్కోవాలి గానీ, డిటెక్టివ్ దగ్గరికి వస్తారామ్మా?" అన్నాడు. కొత్తగా పెట్టించుకున్న కట్టుడుపళ్ళు ఇంకా నోటికి కుదరలేదు. దాంతో 'డిటెక్టివ్' అనే మాట అతని నోట్లో రెండు పొర్లు పొర్లి గానీ బయటికి రాలేదు.

"నువ్వూరుకో," అంది వదిన.

వదిన అంటే ఆ వీధిలో అందరికీ వదినే. పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టరుకి కూడా వదినే. ఆవిడ భర్త తమ్ముడే ఆవిడకి సహాయకుడు. కేసుకి వెళ్ళిన ప్రతిచోటా పదిమంది ముందూ "వదినా, వదినా" అని పిలిచి పిలిచి, ఆ పిలుపుని ఊరందరికీ అంటించాడు. ఇద్దరి ఆఫీసూ టైలరు షాపు మీద ఒకే ఒక్క గది. కింద కుట్టుమిషన్లు తిరిగితే పైన టీకప్పులు వణుకుతాయి. వదిన తక్కువ మాట్లాడి ఎక్కువ చూస్తుంది. మరిది సరిగ్గా అందుకు తిరగేసిన మనిషి. కానీ ఆవిడ ఊరికే కళ్ళజోడు తుడుచుకున్నా అందులో ఏదో ఆధారం దొరికిందనే నమ్ముతాడు.

"ఏ దువ్వెనలు?" అని అడిగింది వదిన.

"రాతి మీదవి. కోట్ల ఏళ్ళ నాటివి." అంది వచ్చినావిడ. "నేను మ్యూజియంలో శిలాజాల విభాగంలో పనిచేస్తాను. కాంట్రాక్టు ఉద్యోగం. సముద్రంలో దువ్వెన జెల్లీలని ఉంటాయండీ. చూడ్డానికి గాజుబుడ్డిలా ఉంటాయి. ఒంటి మీద నిలువునా ఎనిమిది వరుసల్లో సన్నటి వెంట్రుకలు, దువ్వెన పళ్ళలాగా. వాటిని ఆడిస్తూ ఈదుతాయి. మా ఇంట్లో రాతిపలక మీద అచ్చుపడిన పాత జీవి ఒకటుంది. కింద కాడ, పైన గిన్నె, గిన్నె అంచున వంపుగా చేతులు. ఆ చేతుల మీద అచ్చం అలాంటి దువ్వెనలే ఉన్నాయి. కాబట్టి అది దువ్వెన జెల్లీల పూర్వీకుల్లో ఒకటని నేనంటున్నాను."

"కాదంటున్నదెవరు?"

"మా మామగారు."

వదిన కళ్ళజోడు సర్దుకుంది. "ముందు కూర్చో. ఇప్పుడు చెప్పు."

కోడలు కూర్చుని చెప్పింది. మామగారు రిటైరైన ప్రొఫెసరు. కుర్రతనంలో ఒక రాళ్ళ క్వారీలో ఆ పలకని తన చేత్తో పగలగొట్టి తీసింది ఆయనే. అది సముద్రం అడుగున పువ్వులా అతుక్కుని బతికే జీవుల కుటుంబానికి చెందిందని అప్పుడే తేల్చేశారు. కోడలు వచ్చి, చేతుల మీద దువ్వెనలున్నాయంది. అవి రాతి పగుళ్ళన్నారాయన. కాడ పెట్టుకుని ఎక్కడికి ఈదుతుందమ్మా నీ జెల్లీ, అన్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో జెల్లీ లేకుండా భోజనం ముగియలేదు.

"రేపు పొద్దున మ్యూజియం కమిటీ మా ఇంటికొచ్చి రాయిని చూస్తుంది. చూశాక వెంట తీసుకెళ్తుంది. దువ్వెనలున్నాయని ఒప్పుకుంటే నా ఉద్యోగం పర్మనెంటవుతుంది. లేకపోతే ఉన్నది కూడా పోతుంది. ఇవాళ బీరువా తీసి చూస్తే రాయి ఉంది. దువ్వెనలు లేవు."

"ఫొటోలు లేవా?" అన్నాడు మరిది.

"ఎందుకు లేవు? కానీ ఫొటోల్లో వెలుగునీడలతో ఎన్ని వేషాలైనా వెయ్యొచ్చంటారు మామగారు. కమిటీ కూడా అదే అంటుంది." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఆయన తప్ప ఇంకెవరు చేస్తారండీ? నేను పెట్టె సర్దేశాను. రేపు అటో ఇటో తేలాక ఆ ఇంట్లో ఉండను."

వదిన లేచి చెప్పులు వేసుకుంది.

*

ఇంటి ముందు గది పళ్ళ క్లినిక్. కోడలి భర్త డెంటిస్టు. దాని వెనక హాలు, హాలు పక్కన చదువుల గది. ఆ గదిలో పుస్తకాల కంటే రాళ్ళే ఎక్కువ. బీరువా తాళంచెవి తలుపు వెనక మేకుకి అందరికీ కనబడేలా వేలాడుతోంది.

"దీన్ని దాచిపెట్టడమంటారా?" అన్నాడు మరిది.

"ఇంట్లో మనుషుల దగ్గర దాపరికమేమిటని," అంది కోడలు. అని, తన మాట తనకే గుచ్చుకుని ఊరుకుంది.

పలక టీట్రే అంత ఉంది. వదిన టేబుల్ లైటుని బాగా కిందికి వంచి, వెలుగు రాతి మీద ఏటవాలుగా పడేలా పెట్టింది. కాడ, గిన్నె మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. చేతులుండాల్సిన చోట మాత్రం రాయి తెల్లగా తేలింది. ఆ తెల్లటి మేర గుర్రపు లాడంలా వంపు తిరిగి ఉంది. అంచులు కత్తిరించినట్టున్నాయి కానీ ఎక్కడా గీత పడలేదు. లాడం వంపు లోపల, ఒక చేతి మొదట్లో, నాలుగు సన్నటి వెంట్రుకలు మాత్రం మిగిలాయి. పలక మూలన అంటించిన కాగితం చెక్కుచెదరలేదు. దాని మీద సిరా కూడా కదల్లేదు.

"ఈ నాలుగింటితో ఏం తేలుతుంది?" అంది కోడలు. "పగుళ్ళంటే పగుళ్ళే అనుకుంటారు."

వదిన వంగి రాయిని వాసన చూసింది. "నువ్వూ చూడు," అంది మరిదితో.

ఇలాంటి బాధ్యత తనకి అప్పగించినందుకు మరిది ఛాతీ విరుచుకుని వంగాడు. మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "వ్వాక్" అంటూ వెనక్కి గెంతాడు. కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"ఏం వాసన?"

"పాడు వాసనేం కాదు వదినా. చల్లగా, పిప్పరమెంటులాగా బాగానే ఉంది. కానీ గొంతులోకి ఎవరో ఏదో కుక్కుతున్నట్టుంది. దవడ కూడా లాగుతోంది." మంచినీళ్ళు తాగి గుసగుసగా అడిగాడు. "విషమంటావా?"

"విషమైతే నువ్వింత మాట్లాడవు. పద."

*

మామగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. నున్నటి గుండు, చొక్కా జేబునిండా పిప్పరమెంటు బిళ్ళలు. మరిది ఆ జేబు చూసి వదిన మోచేతిని పొడిచాడు. వదిన పట్టించుకోలేదు.

"రాయిని ఆఖరుసారి ఎప్పుడు చూశారు మాస్టారూ?"

"నిన్న సాయంత్రం. రోజూ చూస్తాను. ఇవాళ చూడబుద్ధి కాలేదు. రేపెలాగూ తీసుకుపోతారు కదా."

"మీకెప్పుడైనా అందులో దువ్వెనలు కనిపించాయా?"

"పగుళ్ళు కనిపించాయి. మా కోడలికి దువ్వెనలు కనిపిస్తాయి. నాకు దువ్వెనతో పని లేక చాలాకాలమైంది." ఆయన గుండు నిమురుకుని తన హాస్యానికి తనే నవ్వారు.

"రాతిలో పగుళ్ళు రాత్రికి రాత్రి మాయమవుతాయా?"

"ఎక్కడైనా ఉందా? పగుళ్ళు పెరుగుతాయి గానీ పోవు."

"మరి ఇవి పోయాయి."

మామగారు బిళ్ళ కాగితం విప్పుతున్నవారు ఆగిపోయారు. బిళ్ళ చేతిలోనే ఉండిపోయింది. "అంటే..." అన్నారు.

"అంటే ఏమిటో సాయంత్రం మాట్లాడుకుందాం," అంటూ వదిన నడిచింది.

అత్తగారు వంటగదిలో, అసలే మెరుస్తున్న గిన్నెల్ని మళ్ళీ తుడుస్తున్నారు. అడగకముందే అందుకున్నారు.

"నా మీద కూడా అనుమానమేనా? చెయ్యలేదు గానీ, చెయ్యాలని మాత్రం చాలాసార్లు అనిపించిందమ్మా. కాఫీ దగ్గర జెల్లీ, భోజనం దగ్గర జెల్లీ. మొన్న చుట్టాలొచ్చి కుశలమడిగితే, మీరే చెప్పండి, ఇది పువ్వా జెల్లీనా అని పలక తెచ్చి వాళ్ళ ఒళ్ళో పెట్టారు. ఆ చుట్టాలు మళ్ళీ రాలేదు."

"రాళ్ళని ఎప్పుడైనా కడుగుతారా?"

"ఒక్కదాన్ని పీచు పెట్టి తోమాను. తోమాకే కదా అది శిలాజం కాదు, ఉత్త రాయని తేలింది! అందుకు నాకు ఒక్కరైనా థాంక్స్ చెప్పారేమో అడగండి."

"ఇవాళ ఇంట్లో ఇంకేమైనా వింతగా అనిపించిందా?"

"మా ఆయనకి తిండి సహించట్లేదు. కోడలు ఏడుస్తోంది. మావాడొక్కడే బుద్ధిమంతుడు, ఈ గొడవలో తలదూర్చడు. ఇవాళ వాడికీ ఏదో అయింది. పొద్దుట్నించీ తువ్వాలు తడిపి పట్టుకెళ్ళడం, కాసేపటికి వచ్చి మళ్ళీ తడుపుకోవడం. జ్వరమా నాయనా అంటే కాదంటాడు. వంటగదిలో కుళాయి వాడే అరగదీశాడు."

క్లినిక్‌లో డెంటిస్టు ఒక లావుపాటి పెద్దమనిషి నోట్లో పనిచేస్తున్నాడు. పక్క అరలో రబ్బరు గిన్నెలు, స్టీలు ట్రేలు, పళ్ళ అచ్చులు వరసగా ఉన్నాయి. మరిది గుమ్మంలోనే ఆగి, "నేనిక్కడే ఉంటాను వదినా, లోపల ఊపిరాడట్లేదు," అన్నాడు.

"మీరు ఎవరి పక్షం డాక్టరుగారూ?"

"నేను డెంటిస్టునండీ."

"అది పువ్వా, జెల్లీనా?"

"రెండింటికీ పళ్ళుండవు కదండీ. నాకేం తెలుస్తుంది?"

కుర్చీలోని పెద్దమనిషి నోరు తెరుచుకునే "ఆఁ ఆఁ" అని గట్టిగా సమర్థించాడు.

"నిన్న సాయంత్రం తర్వాత చదువుల గదిలోకి వెళ్ళారా?"

డెంటిస్టు జవాబు చెప్పబోయి గడియారం చూసుకున్నాడు. మూల అల్మారా మీద ఉన్న తడి తువ్వాలు తాకి చూశాడు. "ఒక్క నిమిషమండీ," అని దాన్ని తీసుకుని వంటగది వైపు గబగబా వెళ్ళాడు. పెద్దమనిషి నోరు అలాగే తెరిచి ఉంది.

వదిన ఆ అల్మారాని ఒకసారి చూసి, తలుపు ముట్టుకోకుండా బయటికి వచ్చేసింది.

"ఆ ముసలాయనే వదినా," అన్నాడు మరిది. "జేబునిండా పిప్పరమెంటు. వాసన సరిపోయింది. ఇంకేం కావాలి?"

"ఇందాక ఆయన్నడిగి ఆ బిళ్ళలు నువ్వూ రెండు తిన్నావు. వాంతొచ్చిందా?"

మరిది ఆలోచనలో పడ్డాడు.

*

సాయంత్రం అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో మడతపెట్టిన దుప్పటి, దాని మీద పలక. మామగారూ కోడలూ ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. అత్తగారు ఆ కాసేపట్లోనే బల్లని రెండుసార్లు తుడిచారు. డెంటిస్టు తలుపుకి దగ్గరగా కూర్చున్నాడు.

"ముందు అత్తగారి సంగతి," అంది వదిన. "ఆవిడ కడిగితే రాయంతా ఒక్కలాగే వెలిసేది. మూలన కాగితం ఊడేది, సిరా కారేది. కాగితం పొడిగానే ఉంది. కాబట్టి ఆవిడ కాదు."

"నేను ముందే చెప్పాను," అన్నారు అత్తగారు.

"మాస్టారు గీకేసుంటే రాతి మీద గీతలుండాలి, లేవు. అసలు ఆయనకి ఆ పని నష్టం. అవి పగుళ్ళని ఇంతకాలం వాదించారు. పగుళ్ళు చెరిగిపోవు. అవి మాయమైతే పగుళ్ళు కావని తేలిపోతుంది. తన వాదన తన చేత్తోనే పాడుచేసుకునేంత అమాయకులు కారు మాస్టారు."

కోడలు తలెత్తి మామగారి వంక చూసింది. ఆయన బల్ల వంక చూస్తున్నారు. వరండాలో విన్నప్పటి నుంచీ ఆయనకి ఆ మాట మింగుడుపడలేదని మొహమే చెబుతోంది.

"మరి దువ్వెనలెలా పోయాయి? గీకలేదు, కడగలేదు. రాతి మీద మసిపొరలా ఉన్నవి, దేనికో అంటుకుని, దానితోపాటు లేచివచ్చేశాయి. అంచులంత శుభ్రంగా ఉన్నది అందుకే. అంటుకున్న వస్తువు లాడం ఆకారంలో ఉంది, పిప్పరమెంటు వాసన వేస్తుంది. ఆ వాసనకి మా మరిది గొంతు పట్టేసింది. మొన్న కట్టుడుపళ్ళ కోసం కొలత తీసినప్పుడు నోటినిండా చల్లటి పేస్టు కుక్కి, కదలకుండా కూర్చోమన్నారు కదూ?"

"అదే!" మరిది దవడ పట్టుకుని అరిచాడు. "అదే వదినా! ఆ రోజు డాక్టరు చొక్కా కూడా..."

"ఆ వివరం వద్దు. కింది దవడ కొలత తీసే ట్రే లాడంలాగే ఉంటుంది. ఈ జీవి చేతుల వంపు దానికి సరిగ్గా సరిపోయింది. ఇక ఆ పేస్టు ఆరిపోతే ముడుచుకుని పగులుతుంది. పగలకుండా ఉండాలంటే తడిగుడ్డ కప్పి ఉంచాలి. గుడ్డ ఆరినప్పుడల్లా మళ్ళీ తడపాలి."

అందరూ డెంటిస్టు వైపు తిరిగారు. అతని చేతిలో తడి తువ్వాలుంది. నీళ్ళు బొట్లుబొట్లుగా అత్తగారి నేల మీద పడుతున్నాయి.

"నువ్వా?" అంది కోడలు. ఆ ఒక్క మాటలో కోపం కంటే నమ్మలేకపోవడమే ఎక్కువుంది.

"రేపు రాయి వెళ్ళిపోతుంది కదా అని," అన్నాడతను తల దించుకుని. "నాన్న సాయంత్రం బీరువా తీసి ఊరికే దాని ఎదురుగా కూర్చుంటున్నారు, నువ్వు చూడలేదు. పళ్ళకి తీసినట్టే అచ్చు తీసి, ప్లాస్టరుతో ఒక నకలు చేసి ఆయన టేబుల్ మీద పెడదామనుకున్నాను. ట్రే తీస్తే రాయి తెల్లబడింది. నీ పనంతా నా పేస్టులోకి వచ్చేసింది. నీకెలా చెప్పను? నాలుగుసార్లు చెబుదామని వచ్చాను. ప్రతిసారీ నువ్వు ఏడుస్తున్నావు."

"అంత తెలివైనవాడివి నన్నడగొద్దూ?" అన్నారు మామగారు. గొంతు పెంచబోయారు గానీ అది పైకి లేవలేదు.

"ఎవరినడిగినా రెండోవాళ్ళ పక్షం అంటారు కదా నాన్నా."

మామగారూ కోడలూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తగారు మాత్రం, "అదీ, అలా అడుగు," అన్నారు.

"ముందు అది తీసుకురండి," అంది వదిన.

అతను అల్మారాలోంచి ట్రే తెచ్చి, తడిగుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. లేత గులాబీరంగు పేస్టు మీద నల్లటి పొర పరుచుకుని ఉంది. ఒక అంచు అప్పుడే కొంచెం పైకి లేస్తోంది. కోడలు భూతద్దం కోసం వెతుక్కునేలోపే మామగారు తన అద్దం తీసి వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు.

"అమ్మాయ్," అన్నారాయన చివరికి. "ఇటు రా."

కోడలు వెళ్ళింది. ఆయన అద్దం ఆవిడ చేతికిచ్చారు.

"మనం ఇన్నాళ్ళూ దీన్ని పైనుంచే చూశాం. ఇది ఊడి తిరగబడింది కాబట్టి ఇప్పుడు అడుగు కనిపిస్తోంది. ఏం కనిపిస్తోందో నువ్వు చెప్పు. నేను చెబితే బాగుండదు."

కోడలు చూసింది. "వెంట్రుకలు విడివిడిగా లేవు మామయ్యా. గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఒక్కో గుత్తి అడుగునా అడ్డంగా ఒక పట్టీ ఉంది. దువ్వెన పళ్ళన్నీ ఒక వెన్నుకి దిగినట్టు..."

"పగుళ్ళకి వెన్నుండదు," అన్నారు మామగారు. అని, పట్టుదలగా, "కానీ కాడ కాడే," అన్నారు.

"కాడ కాడే. దువ్వెన జెల్లీల పూర్వీకులు ఒకప్పుడు మీ పువ్వులాగే కదలకుండా కూర్చుని, ఈ దువ్వెనలతో నీళ్ళు తోడుకుని తిన్నాయేమో. ఈదడం తర్వాత నేర్చుకున్నాయేమో."

"అలా అయితే నేను చెప్పింది సగం నిజం."

"సగం కంటే కొంచెం తక్కువ మామయ్యా."

"అంచు లేస్తోంది," అన్నాడు డెంటిస్టు. "ముందు ఫొటోలు తీసుకోండి. వెంటనే దీని మీద ప్లాస్టరు పోస్తే, గట్టిపడ్డాక పొర దాని మీదికి మారుతుంది. పేస్టు వలిచేస్తే మళ్ళీ పైముఖం కనిపిస్తుంది."

"నువ్వు ముట్టుకోకు!" అని మామగారూ కోడలూ ఒక్కసారే అరిచారు.

"ఇంకెవరు ముట్టుకోగలరు?" అంది వదిన. "ఇక్కడ రోజూ ఈ పని చేసేది ఆయనొక్కరే."

కోడలు భర్త వంక చూసింది. తర్వాత ట్రే వంక చూసింది. అంచు ఇంకాస్త లేచింది. "చెయ్యి వణికిందంటే చూడు," అంది.

ఫొటోలు తీశారు. అతను రబ్బరు గిన్నెలో ప్లాస్టరు కలిపాడు. మాట్లాడేటప్పుడు తడబడే మనిషి, పోసేటప్పుడు తడబడలేదు. ఒక్క బుడగ లేకుండా సన్నటి ధారగా పోశాడు. గట్టిపడేదాకా ఆ ఇంట్లో మొదటిసారి ఎవరూ ఎవరితోనూ వాదించలేదు. చివరికి పేస్టు వలిచాడు. తెల్లటి ప్లాస్టరు మీద నల్లగా, వంపుగా, దువ్వెనలు వరసలు తీరి ఉన్నాయి. కోడలు అప్పుడు భర్త భుజం మీద గట్టిగా ఒక దెబ్బ వేసి, ఆ భుజం మీదే తల పెట్టుకుని ఏడ్చింది.

*

మర్నాడు సాయంత్రం అత్తగారు ఫోన్ చేశారు.

"కమిటీ ఒప్పుకుందమ్మా. మా కోడలికి పర్మనెంటు. ఒకాయన, ఇవి పగుళ్ళు కావని నమ్మకమేమిటి అన్నాడు. మా ఆయన లేచి ఆయన్ని ఎంతసేపు దులిపారంటే, పాపం ఆ మనిషి కాఫీ కూడా తాగకుండా సంతకం పెట్టాడు. పెట్టె కూడా విప్పేసుకుంది మా కోడలు."

"అయితే సంతోషమే కదండీ?"

"సంతోషమే గానీ..." అత్తగారి గొంతు తగ్గింది. "ఇంట్లో చప్పుడు లేదమ్మా. మధ్యాహ్నం భోజనం దగ్గర ఈయన 'నిజమేనమ్మా' అంటారు. ఆవిడ 'మీరన్నట్టే మామయ్యా' అంటుంది. నాకు గుండె దడగా ఉంది. ఇలా ఎన్నాళ్ళు..."

ఫోన్లో వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "అది నోరెలా అవుతుంది మామయ్యా? నోరు ఆ చివర!"

"కళ్ళున్నాయా నీకు? ఆ చివర నోరైతే ఈ చివర ఏమిటి మరి?"

"చెబితే మీరు బాధపడతారు!"

బల్ల మీద ఎవరో చెయ్యి చరిచారు. అత్తగారు కాసేపు చెవి అటే పెట్టి విన్నారు. తర్వాత హాయిగా ఒక నిట్టూర్పు వదిలారు.

"మొదలెట్టారు. ఇక ఉంటానమ్మా, భోజనాలు వడ్డించాలి."